మట్టిని మళ్ళీ పైకెత్తే ఊరు

ఒబోకే అనే చిన్న స్టేషనులో రైలు దిగేసరికి వాన వెలిసింది. అది 2018 అక్టోబరు. స్థానిక పరిపాలనలో శిక్షణ నిమిత్తం ఆరు నెలలు జపానులో ఉన్నాను. తరగతి గదిలో పటాలూ పట్టికలూ చూపి అలసిపోయిన మా శిక్షకులు, జనం ఖాళీ అవుతున్న పల్లె ఎలా ఉంటుందో కళ్ళారా చూసి రమ్మని నన్ను షికోకు ద్వీపంలోని ఇయా లోయకు పంపారు. అక్కడి పల్లెలు 2006లో మియోషి నగరంలో విలీనమయ్యాయి. నగరమన్నది కాగితం మీది మాట. కంటికి కనిపించేవి నిటారు కొండలూ, అట్టడుగున ఆకుపచ్చని నీటిపాయా, వాలుకు అక్కడక్కడ అంటుకొని ఉన్న ఇళ్ళూ మాత్రమే.

చరిత్ర చదువుకున్నవాణ్ణి గనుక నన్ను మొదట ఆకర్షించినది హేకె వంశం కథ. 1185లో దాన్‌నోఉరా నౌకాయుద్ధంలో గెంజి వంశీయుల చేతిలో ఓడిపోయిన హేకెవారు కొందరు ఈ లోయలో తలదాచుకున్నారనీ, సముద్రంలో మునిగిపోయాడని చెప్పే బాలచక్రవర్తి అంతోకు సైతం ప్రాణాలతో ఇక్కడికే చేరాడనీ స్థానికుల విశ్వాసం. 1323లో ఓరుగల్లు పతనమైన పిమ్మట ప్రతాపరుద్రుని తమ్ముడు బస్తరు అడవులకు చేరాడన్న ఐతిహ్యం వింటూ పెరిగిన నాకు ఇది కొత్తగా తోచలేదు. ఆధారమేదని అడగడం చరిత్రకారుడి వృత్తి. అడగకుండా వినడం అతిథి మర్యాద. నేను రెండవదే పాటించాను.

శత్రువు వస్తే క్షణంలో తెగగొట్టడానికి వీలుగా హేకెవారు అడవితీగలతో వంతెనలు అల్లారట. ఇప్పుడున్న పెద్ద వంతెన పొడవు 45 మీటర్లు. నీటికి 14 మీటర్ల ఎత్తున వేలాడుతుంది. మూడేళ్ళకొకసారి కొత్త తీగలతో తిరిగి అల్లుతారు. లోపల ఉక్కుతాడు దాగి ఉన్నదని తెలిసికూడా, కర్రల సందుల్లోంచి ఏరు కనబడుతుంటే నా కాళ్ళు వణకడం మానలేదు.

లోయలో ఇంకా పైకి వెళితే జంట వంతెనలున్నాయి. వాటి పక్కన తాళ్ళకు వేలాడే చెక్క తొట్టె ఒకటి ఉంది. దానిని ‘అడవికోతి’ అంటారు. అందులో కూర్చుని తాడు లాక్కుంటూ ఏరు దాటాలి. నలభై దాటిన అధికారికి తగని పని. నడిమధ్యకు చేరేసరికి నా చేతులు పడిపోయాయి. నేను బస చేసిన ఇంటి అవ్వ అవతలి గట్టు నుంచి నవ్వుతూ తాడు అందుకొని, బావిలోంచి బొక్కెన తోడినట్టు నన్ను లాగివేసింది. ఆమె వయస్సు ఎనభై ఒకటి. ఆనాటి నుంచి మా మధ్య భాష అడ్డుగా నిలవలేదు. నగర కార్యాలయం పంపిన దుబాసీ కుర్రవాడికి పని తగ్గింది.

అవ్వ ఇల్లు వాలులో ఉంది. వరి పండే నేల కాదు. సోబా పండుతుంది, మన హిమాలయ ప్రాంతాలలో కుట్టు అనే ధాన్యమే అది. ఆ పిండితో చేసే సేమియా పొట్టిగా, లావుగా ఉండి నోట్లో పెట్టకముందే తెగిపోతుంది. నేలలో తవ్విన పొయ్యి చుట్టూ బంగాళాదుంపలూ సోయా జున్నూ పుల్లలకు గుచ్చి నిప్పుల సెగన తిప్పుతూ కాలుస్తారు. చూరుకు దండలుగా వేలాడే ఎండు పండ్ల పేరు ‘కాకి’ అని విని నేను నవ్వితే, ఎందుకో తెలియకనే ఆమె కూడా నవ్వింది.

ఆ వాలు సేద్యాన్ని అదే ఏడు ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ప్రపంచ వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది. కొన్నిచోట్ల వాలు నలభై డిగ్రీల దాకా ఉన్నా, మెట్లుగా చెక్కకుండా అలాగే దున్నుతారు. శరత్తులో రెల్లువంటి గడ్డిని కోసి, గోపురాల్లా పేర్చి ఎండబెట్టి, తరువాత తరిగి పొలంలో పరుస్తారు. వాననీరు మన్నును ఈడ్చుకుపోకుండా ఆ గడ్డి ఆపుతుంది. అయినా కొంత మన్ను జారనే జారుతుంది.

జనవరిలో మళ్ళీ వెళ్ళాను, మంచు కురుస్తున్నది. అవ్వ నన్ను నాగోరో అనే ఊరికి తీసుకువెళ్ళింది. ముప్పైమంది కూడా లేని ఆ ఊళ్ళో పొలంగట్టున, బస్సు స్టాపులో, ఇంటి అరుగున మనుషులు కూర్చుని ఉన్నారు. దగ్గరికి వెళితే అన్నీ గుడ్డబొమ్మలు. ఒసాకా నుంచి తిరిగివచ్చిన ఒక మహిళ, విత్తనాలను పక్షులు తినకుండా తండ్రి పోలికతో దిష్టిబొమ్మ చేసి నిలిపిందట. ఆ తరువాత పోయినవారికీ, వలస వెళ్ళినవారికీ ఒక్కొక్క బొమ్మ చేస్తూ వచ్చింది. అక్కడి బడి 2012లో మూతపడింది. తరగతి గదిలో బొమ్మ పిల్లలు, వారికెదురుగా బొమ్మ టీచరు. నేను లోపల ఎక్కువసేపు నిలవలేకపోయాను.

దానికి కారణం ఉన్నది. జపాను రావడానికి ముందటి ఏడు, పిల్లలు తొమ్మిదిమందే ఉన్నారని ఒక పల్లె బడిని పక్క ఊరి బడిలో కలిపే దస్త్రం మీద సంతకం చేశాను. నిబంధనల ప్రకారం అది సరైన సంతకమే. ఆ రాత్రి పొయ్యి దగ్గర అవ్వ అడిగింది:

“మీవైపు పల్లెల్లో బడులున్నాయా బాబూ?”

“ఉన్నాయి” అన్నాను. అబద్ధం కాదు. ఆమె అడిగినదానికి జవాబు కూడా కాదు.

మార్చిలో స్వదేశానికి బయలుదేరే ముందు వీడ్కోలు చెప్పడానికి వెళితే అవ్వ పొలంలో ఉంది. ఏడాది పొడుగునా కిందికి జారిన మన్నును, వంగిన పళ్ళున్న పారతో దిగువ నుంచి ఎగువకు ఈడ్చి పోస్తున్నది. ప్రతి వసంతంలోనూ చేయవలసిన పని. మరుసటి ఏటికి మళ్ళీ జారుతుంది. నేనూ ఒక పార తీసుకొని పక్కనే నిలబడ్డాను. కొంతసేపటికి దుబాసీ కుర్రవాణ్ణి పిలిచి, నా సంతకం సంగతి చెప్పమన్నాను. అతడు ఒకసారి నా ముఖంకేసి చూసి, చెప్పాడు.

అవ్వ పార ఆపలేదు. “ఆ తొమ్మిదిమందీ ఎంత దూరం నడవాలి?” అని అడిగింది.

“రెండున్నర కిలోమీటర్లు. మధ్యలో వాగు ఉంది.”

“వంతెన ఉందా?”

లేదని చెప్పాను. ఆమె నడుం నిటారు చేసి, కొండకేసి ఒకసారి చూసి, నా పార కింద మిగిలిపోయిన మన్నును చూపించింది. ఇద్దరమూ మళ్ళీ వంగాము. సాయంత్రం ఐదింటికి ఊరి మైకులో పాట వినిపించేదాకా ఆ పని సాగుతూనే ఉంది.