ఒక కట్టలో రెండు గ్రంథాలు

తాళపత్రాల కాలంలో ఒక్కొక్క కట్టలో రెండు మూడు గ్రంథాలు ఉండేవి. ముందు పత్రాలలో భారతంలోని ఏదో ఒక పర్వం, వెనుక పత్రాలలో వైద్యమో జ్యోతిషమో. దారం ఒకటే, పైనా క్రిందా బిగించిన పలకలూ అవే. విప్పినవాడు తనకు కావలసినది చదువుకొనేవాడు. ఒకే కంప్యూటరులో విండోసును, లినక్సును పక్కపక్కనే నిలుపుకోవచ్చునని, దానిని డ్యూయల్ బూట్ అంటారని నా పూర్వ విద్యార్థి ఒకడు చెప్పినప్పుడు నాకు స్ఫురించినది ఆ కట్టే. పింగళి సూరన రాఘవపాండవీయం స్ఫురించలేదా పండితుడా అని చదువరులు అడుగవచ్చు. ద్వ్యర్థి కావ్యంలో అక్షరాలు అవే, అర్థాలు రెండు. ఇక్కడ అక్షరాలూ వేరే, పత్రాలూ వేరే. కనుక నా ఉపమానమే సరియైనదని నా మనవి.

పదవీ విరమణ చేసినవాడికి ఈ యంత్రవ్యవహారం ఎందుకు వచ్చిందో చెప్పాలి. నా సహోపాధ్యాయులు ఒకరు, ఇప్పుడు కీర్తిశేషులు, ఏనుగు లక్ష్మణకవి సుభాషిత పద్యాలకు విద్యార్థుల కోసం వ్యాఖ్య వ్రాశారు. భర్తృహరిని తెనిగించిన ఆ 18వ శతాబ్దపు కవి మా పెద్దాపురం వాడని ఆయనకు మహా గర్వం. 2003లో ఒక డీటీపీ కేంద్రంలో టైపు చేయించారు గాని, అచ్చుకు డబ్బు సమకూడలేదు. వ్రాతప్రతి చెదల పాలయింది. మొన్నామధ్య ఆయన కుమార్తె ఒక సీడీ తెచ్చి, "మీరైతేనే చూడగలరు బాబాయిగారూ, నాన్నగారిది ఇదొక్కటే మిగిలిందండి" అని నా చేతిలో పెట్టింది.

ఆ వ్యాఖ్య పేజ్‌మేకరులో, యూనికోడుకు పూర్వపు ఖతిలో ఉన్నది. అటువంటి ఖతులలో తెలుగు అక్షరానికి సొంత స్థానం ఉండదు. ఇంగ్లీషు అక్షరపు సంకేతానికి తెలుగు బొమ్మను తొడుగుతారు. ఆ తొడుగు తీసివేస్తే మిగిలేది అర్థం లేని ఆంగ్లాక్షరాల గుంపు. యూనికోడు తెలుగుకు 128 స్థానాలు ప్రత్యేకించిన తరువాతనే మన అక్షరం తన పేరుతో తాను నిలబడింది. కాబట్టి పాత దస్త్రం తెరవడానికి పాత సరంజామా కావాలి, దానికి విండోసు కావాలి. నా యంత్రంలోనిది విండోస్ 10. దానికి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 కోరే టీపీఎం 2.0 నా పాత యంత్రంలో లేదు. పనిచేస్తున్న వస్తువును పారవేయడం నా తరం వారికి చేతకాదు. విండోసును అంతర్జాలానికి దూరంగా, పాత గ్రంథాలయంలా ఉంచి, లోకవ్యవహారమంతా లినక్సుతో నడపాలని నిశ్చయించుకున్నాను.

"ముందు అన్నీ వేరే డిస్కులోకి కాపీ తీసుకోవాలండి మాస్టారూ. ఆ తరువాతే ఏదైనా," అన్నాడు శిష్యుడు. ఒకటికి రెండు కాపీలు తీయించాను. తరువాత విండోసులోని డిస్కు నిర్వహణ ద్వారానే దాని భాగాన్ని కుదించి ఖాళీ చోటు సంపాదించాము. లినక్స్ మింటుకు కనీసం 20 జీబీ చాలునట, నేను ఉదారంగా 100 ఇచ్చాను. ఈ విభజన చూస్తే 2022లో జరిగిన జిల్లాల విభజన గుర్తుకు వచ్చింది. మేము తూర్పు గోదావరి నుండి కాకినాడ జిల్లాలోకి వచ్చాము. ఇల్లు అంగుళం కదలలేదు, చిరునామా మారింది.

విండోసులో ఫాస్ట్ స్టార్టప్ అనే సదుపాయాన్ని ఆపివేయాలి. అది ఉంటే విండోసు పూర్తిగా నిద్రపోదు, సగం కన్ను తెరచుకొని ఉంటుంది. అప్పుడు దాని దస్త్రాలను లినక్సు చదువగలదేమో గాని, వ్రాయడానికి సంకోచిస్తుంది. ఆ సంకోచం మన మేలుకే. పెన్‌డ్రైవు నుండి స్థాపన మాత్రం కాఫీ త్రాగినంత సేపట్లో అయిపోయింది. ఇప్పుడు యంత్రం వెలిగించగానే గ్రబ్ అనే ద్వారపాలకుడు రెండు పేర్లు చూపి, కొద్ది సెకన్లు నిరీక్షించి, మనం పలుకకపోతే మొదటిదానినే వరిస్తాడు.

గడియారం సంగతి విడిగా చెప్పాలి. యంత్రంలోని గడియారాన్ని విండోసు స్థానిక కాలంగాను, లినక్సు ప్రపంచ ప్రామాణిక కాలంగాను చదువుతాయి. రెంటికీ తేడా అయిదున్నర గంటలు. లినక్సు నుండి మరలి వచ్చి ఉదయం పదింటికి విండోసు తెరిస్తే నాలుగున్నర అని చూపించింది. బ్రాహ్మీ ముహూర్తం! అంతర్జాలం ఉంటే తానే సరిదిద్దుకొనేది, నేను దానిని తెంచి పెట్టాను కదా. స్థానిక కాలాన్నే పాటించమని లినక్సుకు ఒక్క ఆజ్ఞ ఇస్తే కుదుటపడింది. పంచాంగకర్తల తగవులు ఇంత తేలికగా తీరవు.

తెలుగు టైపు చేయడానికి లినక్సులో ఆర్‌టీఎస్, ఇన్‌స్క్రిప్టు రెండూ దొరుకుతాయి. స్వేచ్ఛ సంస్థ వంటి చోట్ల ఔత్సాహికులు జీతం ఆశించకుండా మెనూలను కూడా తెనిగించారు. కొన్ని అనువాదాలు నాకు రుచించవు, కాని "రద్దుచేయి" అన్న చక్కని తెలుగు క్రియ తెర మీద కనబడితే ప్రాణం లేచివస్తుంది.

విండోసులో పాఠాన్ని వెలికితీసి, లినక్సులో యూనికోడుకు మార్చి, పద్యం పద్యం సరిచూస్తున్నాను. మార్పిడిలో అరసున్నలు రాలిపోతున్నాయి. శకటరేఫలు సాధురేఫలవుతున్నాయి. సంయుక్తాక్షరాలలో ఒత్తులు పక్క అక్షరానికి తగులుకుంటున్నాయి. యతిప్రాసలు తెలిసినవాడికి ఇవి దొరకకపోవు. ఒక్కొక్కచోట మిత్రుని చమత్కారం ఎదురై ఆగిపోతాను, ఆ రోజు పని అంతటితో సరి. నీతిశతకం పూర్తయి వారి అమ్మాయికి పంపాను. రేపటి నుండి శృంగారశతకం.