నలుపు ఎవరిది?

2021 వేసవిలో మన వరంగల్ వాడవాడలా ఒక కొత్త మాట పాకింది: బ్లాక్ ఫంగస్. కరోనాతోనే వణికిపోతున్న జనానికి ఇది మరో పిడుగు. మే నెలలో తెలంగాణ ప్రభుత్వం దీన్ని అంటువ్యాధుల చట్టం కిందికి తెచ్చి, ప్రతి కేసునూ తెలియజేయాలని ఆసుపత్రులను ఆదేశించింది. హైదరాబాదు కోఠిలోని ఇ.ఎన్.టి. ఆసుపత్రిని ప్రధాన చికిత్సా కేంద్రం చేసింది. చట్టం పేరు విన్నవాళ్ళు రోగమూ అంటుకుంటుందనే అనుకున్నారు. "ఆ ఇంటి దిక్కు పోకు బిడ్డా, అంటుతదట" అని మా పక్కింటి అవ్వ నన్ను ఆపింది.

నిజానికిది మనిషినుంచి మనిషికి అంటదు. ఆ నలుపు బూజుదీ కాదు. మ్యూకర్ జాతి బూజు మట్టిలో, పెంటలో, నిలవ రొట్టెమీద ఎప్పుడూ ఉన్నదే. దాని రేణువులను మనం పీలుస్తూనే ఉన్నాం. ఒంట్లో కాపలా గట్టిగా ఉన్నన్నాళ్ళూ అది మనల్నేమీ చేయలేదు. షుగరు అదుపు తప్పినా, కేన్సరు మందులతోనో, కిడ్నీ మార్పిడి తర్వాత వాడే మందులతోనో కాపలా సడలినా, ముక్కుపక్క గాలిగదుల్లో, అంటే సైనస్‌లలో, పాగా వేస్తుంది. రక్తనాళాల్లో చొరబడి నెత్తురు గడ్డకట్టిస్తుంది. నెత్తురందని కండ చచ్చి నల్లబడుతుంది. అక్కడినుంచి కంటికీ మెదడుకీ ఎంత దూరం గనుక!

ఊపిరాడని కరోనా రోగులను బతికించిన స్టెరాయిడే, అవసరం లేనివారు చీటీ లేకుండా కొని మింగితే ఈ బూజుకు తలుపు తీసింది. చిత్రమేమంటే, దీన్ని చంపే ఆంఫోటెరిసిన్-బి కూడా మట్టిలోదే. 1950లలో వెనెజువెలా మట్టిలో దొరికిన ఒక సూక్ష్మజీవినుంచి దాన్ని తీశారు. ఆ వేసవిలో ఆ ఇంజెక్షన్ల కోసం రోగుల బంధువులు పడిన పాట్లు మనమెరుగుదుం. మందొక్కటే చాలదు, చచ్చిన కండను ఆపరేషన్ చేసి తీసెయ్యాలి.

మిత్రులారా, కరోనా భయం తగ్గింది గానీ షుగరు మన ఇళ్ళలోనే ఉంది. షుగరున్నవారికి చెంప ఒకవైపే వాచినా, పన్ను కదిలినా, ముక్కునుంచి నల్లటి చీమిడి వచ్చినా, ఒకటి రెండుగా కనబడినా "పంటినొప్పే గద, తగ్గుతది తియ్" అననీయకండి. ఆ రోజే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. ఈసారి సెలవులకు ఊరెళ్ళినప్పుడు అమ్మనూ నాయిననూ ఒక్క మాట అడగండి: షుగరు పరీక్ష చేయించుకుని ఎన్నాళ్ళయిందని.