చలా? ఉక్కా? ఓటెయ్యండి!

మా ఆఫీసులో ఏసీ తగువు ఎప్పటిదో నాకు తెలీదు. కిటికీ పక్కవాళ్ళు ఉక్క అంటారు, గాలి నెత్తిన పడేవాళ్ళు శాలువా కప్పుకుంటారు. ఫెసిలిటీస్ వాళ్ళేమో గోడమీది 24 అంకె చూపించి వెళ్ళిపోతారు. ఇంజినీర్ని కదా, ఊరుకోలేక దీనికో ఆట రాశాను.

రోజుకి రెండుసార్లు ఎవరి సీట్లోంచి వాళ్ళు -3 (బాగా చలి) నుంచి +3 (బాగా వేడి) దాకా ఓటెయ్యాలి. ఈ ఏడు మెట్ల కొలత నాది కాదు, ఆష్రే వాళ్ళది. సగటు ఎటు మొగ్గితే దాన్నిబట్టి ఏసీ అర డిగ్రీ మారుస్తారు. ఓటుకి పాయింట్లు, శుక్రవారం గెలిచినవాళ్ళకి ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు. బర్కిలీలో సుతార్జా డాయ్ హాల్లో ఇలాగే లైట్ల మీద ఓట్లు పెట్టి, తక్కువ వెలుగు చాలన్నవాళ్ళకి ఎక్కువ పాయింట్లిచ్చారని చదివాక పుట్టిన బుద్ధి ఇది.

రెండో వారానికల్లా ఓట్లన్నీ అయితే -3, లేకపోతే +3! లెక్కల్లో మనవాళ్ళు తక్కువ తిన్లేదు మరి. సగటు తీసేచోట కాస్త ఉక్కపోసినవాడు +1 అంటే ఏం లాభం? +3 అంటేనే ముల్లు తనవైపు జరుగుతుంది. సరే అని సగటు మానేసి మీడియన్ పెట్టాను. ఇక గొంతు పెంచినా ఫలితం మారదు. ఓట్లు దారికొచ్చాయి, మీడియన్ సున్నా దగ్గర కూర్చుంది. నేను భుజాలు ఎగరేశాను.

ఒక్కావిడవి మాత్రం రోజూ -3. టెస్టింగ్ టీములో సీనియర్, నోరెత్తి మాట్లాడని మనిషి. ఆటని ఆడుకుంటున్నారనుకుని ఔట్‌లయర్ కింద తీసేశాను. కోడ్‌లో ఒక్క లైనే.

ఎందుకో ఓ రోజు థర్మామీటర్ పట్టుకుని ఆవిడ సీటు దగ్గరికెళ్ళాను. 20.5. సరిగ్గా నెత్తిమీద ఏసీ జాలీ. థెర్మోస్టాటేమో ప్రింటర్ పక్కన, ఆ వేడికి 24 చూపిస్తోంది.

"ముందే చెప్పొచ్చు కదండీ" అన్నాను.

"పోయినేడు మూడు మెయిల్స్ పెట్టానండీ. గోడమీద 24 ఉంది కదా అన్నారు. మీ ఆట వచ్చాక రోజూ చెప్తూనే ఉన్నాను కదా!"

నా దగ్గర జవాబు లేదు.

జాలీ రెక్కలు పక్కకి తిప్పడానికి ఐదు నిమిషాలు పట్టింది. అన్నట్టు, 2008 వేసవిలో హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో చేసిన పరిశీలనలో జనానికి హాయిగా ఉన్నది 29 డిగ్రీల దగ్గర. వాళ్ళ ఫ్యానూ కిటికీ వాళ్ళ చేతిలోనే ఉన్నాయి మరి.

ఇప్పుడు సగటూ లేదు, మీడియనూ లేదు. సీట్ల పటం మీద ఎవరి చుక్క వాళ్ళదే. నిన్న ఆవిడ ఓటు +1. చిన్న ఫ్యానేదైనా ఇప్పిస్తారా అని అడిగారు :)