ఎవరి గొంతు, ఎవరి సర్వర్

వెబ్‌సైట్ ఫైళ్లను నెట్‌లోకి ఎక్కించడం హైదరాబాద్‌లో పది నిమిషాల పని. హోస్టింగ్ కంపెనీ ఇచ్చిన యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ కొట్టి, ఎడమవైపు ఉన్న ఫైళ్లను కుడివైపు ఫోల్డర్‌లోకి లాగితే సరి. మొదటి పేజీకి 'ఇండెక్స్' అని పేరు పెట్టడం మరచిపోకపోతే చాలు. ఎఫ్‌టీపీ అనే ఈ పద్ధతిని 1971లో రాసింది మనవాడే. అలహాబాద్‌లో పుట్టి, ఐఐటీ కాన్పూర్‌లో చదివి, అమెరికాలోని ఎంఐటీకి వెళ్లిన అభయ్ భూషణ్. అయితే ఆ పద్ధతి కొన్నింటిని ఉన్నాయనే అనుకుంటుంది. కరెంటు, కంప్యూటరు, టెలిఫోన్ తీగ, అన్నిటికీ మించి రాసుకోవడానికో లిపి.

భద్రాచలం నుంచి చింతూరు మీదుగా వెళ్తే కుంట దగ్గర మొదలయ్యే బస్తర్ గోండి పల్లెల్లో చాలాకాలం వీటిలో దేనికీ భరోసా లేదు. (తెలుగు పత్రికల్లో కుంట పేరు కనిపించేది ఎక్కువగా ఎన్‌కౌంటర్ వార్తల్లోనే.) 2011 జనాభా లెక్కల్లో గోండి తమ భాష అని చెప్పినవారు దేశంలో 29.84 లక్షల మంది. తెలుగుకు తోబుట్టువు లాంటి భాష. కానీ అందులో చెప్పిన కష్టం రాయ్‌పూర్ చేరేలోపు హిందీలోకి మారాలి, మార్చేవాడు దొరకాలి.

బీబీసీలో పనిచేసి వచ్చిన ఛత్తీస్‌గఢ్ పాత్రికేయుడు శుభ్రాంశు చౌధరి 2010లో ఈ చిక్కుకు పక్కదారి వెతికారు. దాని పేరు సీజీనెట్ స్వర. బెంగళూరులోని మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ పరిశోధకుడు బిల్ థీస్ సాంకేతిక సాయం చేశారు. పనితీరు చూస్తే నవ్వొచ్చేంత తేలిక. ఒక నంబరుకు మిస్డ్ కాల్ ఇస్తే అటునుంచి ఫోన్ వస్తుంది. 1 నొక్కితే చెప్పుకోవచ్చు, 2 నొక్కితే వినొచ్చు. చెప్పింది సర్వర్‌లో పడుతుంది. మధ్యలో ఒకరు విని, సరిచూసి, ఫోన్‌లోనూ వెబ్‌సైట్‌లోనూ అందరికీ అందుబాటులో పెడతారు. అక్షరం రానివారు కూడా ఫైలు ఎక్కించగలిగారు, ఎక్కించామన్న సంగతి తెలియకుండానే.

ఎక్కినవి ఎక్కువగా పొట్టకూటి సంగతులు. ఉపాధి పని కూలి అందలేదని, బోరింగు పాడైందని, బడికి పంతులు రావడం లేదని. చివర్లో సంబంధిత అధికారి ఫోన్ నంబరు చెప్పి, విన్నవాళ్లంతా ఆయనకు ఫోన్ చేయమని కోరేవారు. ఎక్కడో నగరాల్లో కూర్చున్నవాళ్లు నిజంగానే చేసేవారు. పని జరిగితే ఫిర్యాదు చేసినవారే మళ్లీ ఫోన్ చేసి ఆ మాట చెప్పేవారు.

ఇందులో మాట్లాడుకోవాల్సిన అసలు సంగతి వేరే ఉంది. ఎఫ్‌టీపీలో పాస్‌వర్డ్ ఏ ముసుగూ లేకుండా తీగల మీద వెళ్తుంది. ఆ భయంతోనే క్రోమ్, ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్లు 2021లో దాన్ని వదిలించుకున్నాయి. బస్తర్ ఫిర్యాదీ పేరు, ఊరు కూడా అలా ముసుగు లేకుండానే వెళ్లాయి. 2005లో మొదలై 2011లో సుప్రీంకోర్టు రద్దు చేయమనేదాకా సాగిన సల్వాజుడుంను చూసిన నేల అది. అక్కడ ఎవరు ఏం మాట్లాడారన్నది అటువాళ్లూ ఇటువాళ్లూ వింటారు. పాస్‌వర్డ్‌కు ముసుగు వేయొచ్చు. పేరు దాస్తే మాత్రం ఫిర్యాదుకు బలం ఉండదు. ఆ ఫోన్ చేసినవారి ధైర్యాన్ని ఏ సాఫ్ట్‌వేర్ ఖాతాలోనూ వేయలేం.

ఇంకొకటి, ఖాతా. హోస్టింగ్ అంటే అద్దె ఇల్లే. అద్దె ఆగితే సామాను బయటపడేస్తారు. పల్లె గొంతు ఎక్కడో నగరంలో, ఇంకెవరి పేరుతోనో ఉన్న ఖాతాలో బతకాలి. బహుశా అందుకేనేమో 'బుల్టూ రేడియో' ఎక్కువ ముచ్చటగా అనిపిస్తుంది. బ్లూటూత్‌కు పల్లె నోట వచ్చిన పేరు అది. నెట్ ఉన్న పంచాయతీ దగ్గర ఒకరు కార్యక్రమాన్ని ఫోన్‌లోకి దింపుకుంటే, సంతలోనో ఇంటి అరుగు మీదో అది ఫోన్ నుంచి ఫోన్‌కు పాకుతుంది. అక్కడి నుంచి సర్వరూ లేదు, అద్దే లేదు.

ఇప్పుడు లిపి కూడా వచ్చింది. మన ఆదిలాబాద్ జిల్లా గుంజాలలో దొరికిన రాతప్రతుల లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దక్కింది. గోండి పేజీని గోండి అక్షరాల్లోనే ఎక్కించవచ్చు. అయితే బస్తర్ పిల్లలు బడిలో నేర్చేది దేవనాగరి. ఫోన్‌లో ఫాంట్ లేకపోతే ఆ అక్షరాల బదులు కనిపించేవి వరసగా ఖాళీ డబ్బాలే.