వీధిన పడిన వస్తువులు, అక్షరం దిద్దే చేతులు

కెనడా దేశపు క్యూబెక్ రాష్ట్రంలో, సెయింట్ లారెన్స్ నది నడుమ గల దీవిపై వెలసిన మహానగరం మాంట్రియల్. అక్కడికి వెళ్లినవారు సాధారణంగా మాన్ రోయాల్ కొండను గురించో, పాత రేవును గురించో వ్రాస్తారు. మేము అక్కడి కాలిబాటలను గురించి వ్రాయదలచాము. ఎందుకంటే జూలై 1న ఆ కాలిబాటలు చెప్పే కథ మరెక్కడా వినబడదు.

ఆ రోజు కెనడా జాతీయ దినోత్సవం. కాని మాంట్రియల్ వాసులకు అది ముఖ్యంగా ఇళ్లు మారే రోజు. నగరంలో సగానికి పైగా కుటుంబాలు అద్దె ఇళ్లలోనే నివసిస్తాయి. వారి ఒప్పందాలలో అత్యధికం జూన్ 30తో ముగుస్తాయి. ఈ ఆచారపు మూలంలో కొంత కరుణ ఉంది. పూర్వం ఫ్రెంచి పాలనలో, చలికాలపు మంచు కరగక ముందు కౌలుదారులను వెళ్లగొట్టరాదనే కట్టడి ఉండేదట. ఆ తరువాత మే 1 ఇళ్లు మారే తేదీగా స్థిరపడింది. బడి నడుస్తుండగా ఇల్లు మారితే పిల్లల చదువు చెడుతున్నదని 1970లలో దానిని జూలైకి జరిపారు.

ప్లాటో ప్రాంతపు వీధులలో ఇళ్లకు మెట్లు వెలుపలనే ఉంటాయి. సన్నని ఇనుప మెట్లు మెలికలు తిరిగి పై అంతస్తుకు చేరుతాయి. ఆ మెట్లపై దిగని సోఫా, కొత్త ఇంట పట్టని అలమార, కాలు విరిగిన కుర్చీ, పిల్లవాడు పెద్దవాడైనందున మిగిలిపోయిన తొట్టి మంచం కాలిబాటకు చేరుతాయి. నిన్నటివరకు నలుగురు చుట్టూ కూర్చుని భోజనం చేసిన బల్ల, ఈనాడు వానలో తడుస్తూ చెత్తబండి కోసం ఎదురుచూస్తుంటుంది.

ఈ వస్తువులనే పలకలుగా చేసుకున్న చిత్రకారులు ఆ నగరంలో ఉన్నారు. ‘గార్బేజ్ బ్యూటీ’ అనే లిపికళాకారుల బృందం పారవేసిన పరుపులపైన, తలుపులపైన, పాత బీరువాలపైన అందమైన అక్షరాలతో ఫ్రెంచి మాటలు వ్రాసి పేరు పొందింది. వ్రాసినది అక్కడే వదలివేస్తారు. చెత్తబండి వస్తే అక్షరమూ వస్తువుతోపాటే వెళ్లిపోతుంది.

ఖుష్‌ఖతీని తరతరాలుగా ప్రేమించిన మన కుటుంబాలకు ఇది వింతగా తోస్తుంది. మన ఇళ్లలో అరబీ అక్షరం ఉన్న కాగితపు ముక్క నేలమీద కనబడితే పెద్దలు తీసి ఎత్తైన చోట పెడతారు. అక్షరానికి గౌరవమివ్వడం మనకు అలవాటు. అక్కడ అక్షరం తన గౌరవాన్ని పారవేసిన వస్తువుకు కొంతసేపు అరువిస్తున్నది. పవిత్ర వచనాలను అలాంటి చోట వ్రాయడాన్ని మనం ఎన్నడూ అంగీకరించము. కాని చూడకుండా దాటిపోయేవారిని ఒక్క క్షణం నిలిపి, ‘దీని ఆయువు నిజంగా తీరిందా?’ అని ఆలోచింపజేసే నేర్పు మాత్రం మాకు నచ్చింది.

అయితే ఒక ప్రశ్న మమ్మల్ని వదలలేదు. కొత్తగా ఆ దేశం చేరిన కుటుంబానికి ఆ బల్ల అవసరం కావచ్చు గదా! రంగు పూస్తే వారి నోటి ముందరి ముద్ద తీసినట్టు కాదా? మేము బస చేసిన ఇంటి దిగువన గుంటూరు నుండి చదువుకై వచ్చిన యువకుడొకడు ఉండేవాడు. అతని గదిలోని పుస్తకాల అర, బల్ల, కుర్చీ అన్నీ కాలిబాట ఇచ్చినవే. మా సందేహానికి అతడు నవ్వి, “పరుపు మీద వ్రాసుకుంటే నాకేం నష్టం లేదండీ, పరుపు నేనెలాగూ ముట్టుకోను. చెక్క బల్లలు మాత్రం మాబోటివాళ్లకు వదిలేస్తే చాలు” అన్నాడు.

అతని భయం నల్లులు. పరుపుల కుట్లలో, సోఫాల మడతలలో దాగి అవి ఒక ఇంటినుండి మరో ఇంటికి ప్రయాణిస్తాయి. వాటిని వదిలించుకోవడం మిక్కిలి కష్టం, ఖర్చు కూడా. అందుకే నల్లులు పట్టిన సామానును బయట పెట్టేవారు దానిపై పెద్ద అక్షరాలతో ఆ మాట వ్రాయడం మంచిది. మాకు ఆ వీధులలో అన్నిటికన్నా విలువైన వ్రాత అదే అనిపించింది. దారిలో బాధ కలిగించే దానిని తొలగించడం కూడా దానమేనని దైవప్రవక్త (స) బోధించారు. ముందు వచ్చే అపరిచితుణ్ణి హెచ్చరించే ఆ ఒక్క మాట కూడా ఆ కోవలోనిదే.

అతడు బల్లను ఎలా బాగుచేశాడో మా వెంట ఉన్న పిల్లలు శ్రద్ధగా విన్నారు. దీపం వెలుగులో సందులన్నీ పరీక్షించాడు. సబ్బునీటితో కడిగి ఎండబెట్టాడు. ఉప్పు కాగితంతో రుద్ది, ప్రైమరు పూసి, పైన నీలిరంగు వేశాడు. చాలా పాత రంగులలో సీసం ఉండవచ్చు. ఆ పొడి పిల్లలకు విషం. అందుచేత పాతకాలపు రంగు ఉన్నవాటిని అతడు గోకడు, ఇంటికీ తేడు.

మన హైదరాబాదులో పాత కుర్చీ అంత సులభంగా వీధిన పడదు. కబాడీవాలా తీసుకుపోతాడు, లేదా జుమ్మేరాత్ బజారులో మరో యజమానిని వెతుక్కుంటుంది. ఆ బజారు మనకు గర్వకారణమే. అయినా మన ఇళ్ల మిద్దెలపై ఎండకూ వానకూ వదలిన మంచాలు ఎన్ని లేవు? మనకు పనికిరాక, మరొకరికి చేరక అవి పుచ్చిపోతున్నాయి. రాబోయే సెలవులలో పిల్లల చేతికి కుంచె ఇచ్చి, వాటిలో ఒకదానిని బాగుచేయించండి. అది ఎవరి ఇంట అవసరమో కూడా వారినే కనుగొని రమ్మనండి.