ఒక ప్రక్కకు ఒరిగిన కారు

మా పాఠశాల అంబాసిడరు కారును ఎరుగని విద్యార్థి ఈ ఆవరణమున లేడు. ఈ జాతి కార్లను హిందూస్థాన్ మోటార్సువారు పశ్చిమ బెంగాలులోని ఉత్తరపాడలో 2014వ సంవత్సరమువరకు నిర్మించిరి. క్రొత్తవి రాకపోయినను, ఉన్నవానిని కాపాడుకొనువారు ఇంకను కలరు. వారిలో మేమును ఒకరము. వసతిగృహములోని పిల్లలకు అర్ధరాత్రమున జ్వరము వచ్చినచో ఆసుపత్రికి కొనిపోవుటకు మాకున్న వాహనము అది యొక్కటియే.

అట్టి కారు గడచిన సంవత్సరము ఎడమ ప్రక్కకు ఒరిగి నిలుచుట మొదలుపెట్టెను. వెనుకనుండి చూచినయెడల ఒక భుజముమీద బస్తా మోయు కూలివానివలె కనబడుచుండెను. పిల్లలు నవ్విరి. మాకు మాత్రము అది నవ్వదగిన సంగతి కాలేదు; ఏలయనగా ఆసుపత్రికి పోవు త్రోవలో చాల భాగము కాలువగట్టుమీదుగా పోవును.

ఒరుగు పోగొట్టుటకు రెండు సులువైన ఉపాయములు చెప్పబడినవి. ఎడమ ప్రక్క వెనుక కమానుమీద ఒక రబ్బరు దిమ్మ పెట్టుట మొదటిది. ముందు ఎడమ చక్రముపైన కారును కొంచెము ఎత్తుట రెండవది. మా కారు పాత రకమునకు చెందినది గావున దాని ముందు చక్రములకు కమానులు లేవు. పొడుగైన ఉక్కుదండములు మెలిపడి స్ప్రింగులవలె పనిచేయును. ఆ దండమును కొంత బిగించి అమర్చినచో ఆ మూల పైకి లేచును. రెండును స్వల్పమైన ఖర్చుతో ఒక పూటలో తేలు పనులు. కారు బాధ్యత నాకు అప్పగింపబడియున్నందున, కొన్ని దినములు గడువియ్యవలసినదని సంఘపెద్దలను వేడుకొంటిని. చూపునకు సమముగా నిలుచుట వేరు, బరువును సమముగా మోయుట వేరు.

పదవ తరగతి విద్యార్థులకు ఈ సంగతి వెంటనే బోధపడవలెను. స్ప్రింగుత్రాసునకు ఎంత బరువు వ్రేలాడగట్టుదుమో దానికి తగినంతయే అది సాగును. ఈ నియమమును ఇంగ్లండు దేశపు శాస్త్రజ్ఞుడైన రాబర్టు హుక్కు 1678వ సంవత్సరమున ప్రకటించెను. దీనినిబట్టి, ఒకే బలముగల రెండు కమానులమీద ఒకే బరువు ఉన్నప్పుడు రెండును సమముగానే దిగవలెను. ఒకటి ఎక్కువగా దిగినదనగా, దానిమీద బరువైనను హెచ్చియుండవలెను, దాని బలమైనను తగ్గియుండవలెను. ఏది నిజమో కన్ను చెప్పజాలదు, కొలత చెప్పవలెను. ఆమోసు ప్రవక్త దర్శనమున గోడకు మొదట మట్టపుగుండు పట్టబడెను. తీర్పు ఆ తరువాత వచ్చెను. కారునకైనను అదియే క్రమము.

ఆటోనగరులో చిరకాలము పనిచేసి వచ్చిన ఒక వృద్ధ మేస్త్రిగారిని పిలిపించితిమి. ఆయన మొదట కారును చూడలేదు, నేలను చూచిరి. ప్రార్థనామందిరము ముందటి సిమెంటు నేల మట్టముగా నున్నదో లేదో, తాపీవారు వాడు నీళ్లగొట్టముతో పరీక్షించిరి. పిమ్మట డిక్కీలోని సామానంతయు దింపించిరి. నాలుగు టైర్లును ఒకే కొలతవా అని చూచి, వానిలో గాలిని సరిచేసిరి. టైరులో గాలి తగ్గినంతమాత్రముననే కారు ఒరుగవచ్చును గదా! తరువాత కారును నాలుగైదు మారులు క్రిందికి నొక్కి వదలి, కొంత దూరము నెట్టించి, ప్రతి చక్రముయొక్క మధ్యభాగమునుండి దానిపైని మడుగార్డు అంచువరకు టేపుతో కొలిచిరి.

కొలతలు వ్రాసికొనుపని నాది. వెనుక ఎడమ ప్రక్క కుడికన్న 4 సెంటీమీటర్లు తక్కువ. ముందు ఎడమ ప్రక్కయు దాదాపు అంతే తక్కువ. కాబట్టి రెండు స్ప్రింగులును చెడినవనుకొనవచ్చునా? అనుకొనరాదు. కారు శరీరము ఒక గట్టి పెట్టె; ఒక మూల క్రుంగినచో ఆ ప్రక్క అంతయు దానివెంట వంగును. దోషము ముందున్నదో వెనుకనున్నదో తేల్చుటకు మేస్త్రిగారు ముందు అడ్డదూలము సరిగా నడుమ జాకీ పెట్టి పైకెత్తిరి. ఇప్పుడు ముందు భాగము ఒక్క బిందువుమీద నిలిచెను గావున ముందు స్ప్రింగులకు పని లేదు; ఒరుగును నిర్ణయించునవి వెనుక కమానులే. ఒరుగు తగ్గుటకు మారుగా ఇంకను హెచ్చెను. దోషము వెనుకనే యున్నదని రుజువైనది.

పిదప కారును గట్టి కొయ్యదిమ్మలమీద నిలిపి ఎడమ కమానును విప్పిరి. విద్యార్థులు ఒక మాట జ్ఞాపకముంచుకొనవలెను: జాకీ ఒక్కదానిని నమ్మి ఎవ్వరును కారు క్రింద దూరరాదు. కమాననగా ఒకదానిక్రింద నొకటి పేర్చిన ఉక్కుపట్టీల కట్ట. పై పట్టీ పొడుగైనది. దానిక్రిందివి క్రమముగా పొట్టివి. నడుమ రంధ్రముగుండ ఒక బోల్టు వాని నన్నిటిని కూర్చును. బరువుయొక్క వంపు మిక్కిలి పడునది ఆ నడుమనే. రంధ్రముచేత బలము తగ్గినదియు ఆ చోటనే. మా కారులో మూడవ పట్టీ సరిగా అచ్చటనే విరిగియుండెను. పైనున్న బిగింపులు రెండు ముక్కలను పట్టియుంచినందున, ఒక సన్నని త్రుప్పుగీత తప్ప బయటికేమియు కనబడలేదు. దాని పని మోయుచున్న పొడుగు పట్టీమీద కూడ బీట ఏర్పడియుండెను. ఆ పట్టీయే ఇరుసును దాని స్థానమున నిలుపునది. అది కాలువగట్టుమీద విరిగియున్నయెడల సంగతి ఏమైయుండునో తలిదండ్రులే ఊహింపగలరు.

దిమ్మ పెట్టియుంటిమేని కారు తిన్నగా నిలిచెడిది, బీట మాత్రము పెరుగుచునే యుండెడిది. ముందు ఎడమ మూలను ఎత్తియుంటిమేని మఱియొక కీడు కలిగెడిది. నాలుగుకాళ్ల పీటలో ఒక కాలిక్రింద చెక్కముక్క పెట్టి చూడుడు. పీట ఆ కాలిమీదను దాని కెదురు మూలనున్న కాలిమీదను నిలుచును, తక్కిన రెండును తేలికపడును. కారు విషయమునను అంతియే. ముందు ఎడమ, వెనుక కుడి చక్రములమీద భారము హెచ్చును. ముందు కుడి చక్రము తేలికపడి, గట్టిగా బ్రేకు వేయగానే ముందుగా జారును. కారు ఎడమకు లాగును. ఒక మూల లోపమును దాచుటకు చేసిన పని తక్కిన మూలలన్నిటికి చెరుపు చేయునన్నమాట.

ఎడమ కమానే ఏల విరిగెను? సారథి కూర్చుండునది కుడి ప్రక్క గదా అని ఒక విద్యార్థి న్యాయముగానే అడిగెను. మేస్త్రిగారు నవ్వి, “పెద్దమనుష్యులు కూర్చునేది వెనుక ఎడమవైపే గదా, బాబూ. ఎదురుగా బస్సు వస్తే గోతిలో దిగేదీ ఎడమ చక్రమే,” అనిరి. మన దేశమున బండ్లు ఎడమ ప్రక్కగా పోవును. రోడ్డు అంచులు వర్షమునకు తెగిపోవును. నీరు పోవుటకై రోడ్డు ప్రక్కలకు వాలుగా నుండును. ఇరుకు త్రోవలో దారి యిచ్చిన ప్రతిమారును ఎడమ చక్రములే అంచు దిగి ఎక్కును. “మాస్టరుగారూ, దిగిన ప్రక్కను తిట్టకండి. ఎక్కువ మోసినదే దిగుతుంది,” అని ఆయన నాతో చెప్పిన మాట నేను మరువలేదు.

పాత పట్టీలను కొలిమిలో కాల్చి వంపు తీయించవచ్చునా అని పెద్దలొకరు అడిగిరి. కమాను ఉక్కునకు కాఠిన్యమును సాగుడును తగుపాళ్లలో వచ్చునట్లు పదును పెట్టబడియుండును. ఊరక కాల్చి కొట్టినచో ఆ పదును పోవును. కొన్ని మాసములలో మరల క్రుంగును. విరిగిన ప్రక్క మాత్రమే మార్చుదమన్నను కూడదు. ఏలయనగా కుడి కమానును అన్ని సంవత్సరములు అలసినదే. క్రొత్తదానిని పాతదానిని జతపరచిన యెడల కారు ఈసారి కుడికి ఒరుగును. కావున రెండును మార్పించితిమి. కోతపండుగనాడు మీ తలిదండ్రులు తెచ్చిన కానుకలనుండి సంఘము ఆ సొమ్మిచ్చెను. అది ఎట్లు వ్యయమైనదో వారు తెలిసికొనుట న్యాయము. కొసలనుండు రబ్బరు బుష్షులనుకూడ క్రొత్తవి వేసి, కారును చక్రములమీద దింపి దాని బరువు పడిన తరువాతనే వాని బోల్టులను కడసారి బిగించిరి. గాలిలో నున్నప్పుడే బిగించినచో రబ్బరు నిత్యము మెలికపడియుండి త్వరగా చెడును. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగిన పిమ్మట కమాను బిగింపులను మరల పరీక్షించితిమి. ఇప్పుడు ఇరుప్రక్కల భేదము అర సెంటీమీటరు మాత్రమే.

ప్రియ విద్యార్థులారా, ఉపాధ్యాయునకు ప్రతి తరగతిలోను క్రుంగి కూర్చుండు బాలుడొకడు, బాలిక యొకతె కనబడుదురు. వారిక్రింద నాలుగు మార్కుల దిమ్మ పెట్టి పట్టికలో సమముగా నిలుపుట సులభము. పొద్దున లేచి నీళ్లు మోసి, తమ్ముని ఎత్తుకొని, పశువులకు మేత వేసి బడికి వచ్చినవారు వారే కావచ్చును. దోషమెచ్చటనో కొలిచి తెలిసికొనక వారిని నిందించుటయు, దానిని కప్పిపుచ్చుటయు రెండును అన్యాయములే. మీ తోడివాడు ఒరిగి నడచుచున్న యెడల నవ్వకుడు. అతడేమి మోయుచున్నాడో అడుగుడు. అందులో ఒక కొసను పట్టుకొనుటకు మీకును చేతులు గలవు.