ముందు బొమ్మను తూచాలి

అంగన్‌వాడీ టీచర్ అంటే మూడు నుంచి ఆరేళ్ల పిల్లలను కూర్చోబెట్టి పాటలు పాడించే మనిషి అనుకుంటారు చాలామంది. అంతకంటే చిన్నవాళ్లు మా కేంద్రంలో కూర్చోరు. నెలకోసారి తూకానికి, రెండున్నర కిలోల బాలామృతం పిండి ప్యాకెట్టుకు తల్లి చంకనెక్కి వస్తారు, పోతారు. మిగతా రోజుల్లో మేమే వాళ్ల ఇళ్లకు వెళ్లాలి. రిజిస్టర్లో గృహ సందర్శన అని రాసుకునే ఆ పనిలోనే నాకు పిల్లలు ఎక్కువ అర్థమయ్యారు.

తూకం రోజున ఒక్కొక్కరి స్వభావం ఇట్టే బయటపడుతుంది. ఒకడు పిలవకముందే మిషన్ ఎక్కి నిలబడతాడు, దిగమన్నా దిగడు. ఇంకో పిల్ల తల్లి కొంగు చాటు నుంచి నలుగురి తూకం అయ్యేదాకా చూసి, ఫరవాలేదనుకుంటేనే వస్తుంది. ఒక పాప అయితే తన బొమ్మను తూచనిదే తాను ఎక్కేది కాదు. బొమ్మను పెట్టి, అంకె పైకి చదివి, "నీ బిడ్డ మంచిగున్నది" అనాలి. అప్పుడు తన వంతు. వెనకున్న తల్లులు విసుక్కునేవారు. నేను మాత్రం వచ్చినప్పుడల్లా ఆ బొమ్మను తూచాను. ఆ పసిదానికి వరుస తెలిసింది, తూకం తెలిసింది, తల్లి అయి ఆడటం తెలిసింది. అంతకంటే ఏం కావాలి?

అన్నట్టు, పాత వేలాడే తక్కెడ ఉన్నప్పుడు గుడ్డ సంచిలో కూర్చోబెడితే ఎంత గట్టి పిల్లాడైనా గుక్కపట్టేవాడు. కాళ్ల కింద ఆనిక ఉండే మిషన్ వచ్చాక ఏడుపులు తగ్గాయి. పిల్లాడి గుణం అని మనం పేరుపెట్టే దాంట్లో సగం మనం వాణ్ని ఎక్కడ కూర్చోబెట్టామన్నదే.

రెండేళ్లు దగ్గరపడ్డ పిల్లలున్న ఇంటికి వెళ్తే ఫిర్యాదు సిద్ధంగా ఉంటుంది. "ఏం చెయ్యాలె టీచర్, శాన మొండిగ తయారైండు. అన్నీ నేనే చేస్త అంటడు." పత్తి ఏరడానికి తీసుకెళ్లే ఆటో వీధిలో హారన్ కొడుతుంటుంది. వీడేమో చెప్పులు తనే వేసుకుంటానని కూర్చుంటాడు. ఎడమది కుడికి, కుడిది ఎడమకు. తల్లి లాగి వేస్తే రెండూ విసిరేసి దొర్లుతాడు. ఆ తల్లిని తప్పుపట్టలేను. ఆటో తప్పితే ఆ రోజు కూలి పోయినట్టే. అందుకే నేను చెప్పేది చిన్నది. తొందర లేని చోట వాడి మాట నెగ్గనివ్వండి. ఎర్ర అంగీయా, నీలం అంగీయా అని అడగండి, స్నానం చేస్తావా అని మాత్రం అడగకండి. అడిగితే వద్దనే అంటాడు. ఆ వయసులో వద్దనడం వాడికి కొత్తగా దొరికిన అధికారం.

చదువు సంగతికి వస్తే నాకూ తల్లిదండ్రులకూ కొంచెం పేచీ ఉంది. రెండున్నరేళ్లకే అంకెలు, ఏబీసీడీలు వచ్చాయా అని అడుగుతారు. ఒక ఇంట్లో అబ్బాయి చేత నా ముందు వన్ నుంచి టెన్ దాకా గడగడా చెప్పించారు. సంతోషించి, "పోయి రెండు చెంచాలు తే నాన్నా" అన్నాను. గుప్పెడు తెచ్చాడు. ఆ పక్క వీధిలోనే అంకెలు పలకడం రాని పిల్ల ఒకతి ఉంది. వాళ్ల నాయనమ్మ అరుగు మీద అనపకాయలు ఒలుస్తుంటే పక్కన చేరుతుంది. మొదట గింజలను పొట్టులో, పొట్టును గింజల్లో వేసేది. ముసలమ్మ తిట్టలేదు. "అది ఆవుకు, ఇది మనకు" అంటూ ఒలిచింది. కొన్నాళ్లకు ఆ పిల్ల పురుగు పట్టిన గింజను వేరే పెట్టి, "ఇది ఛీ" అంటోంది. ఏరడం, పోల్చడం, వేళ్ల పట్టు, మాట అన్నీ ఆ చాటలోనే నడిచాయి. ఒక్క జాగ్రత్త: గింజలతో పిల్లలను ఒంటరిగా వదలొద్దు. నోట్లో, ముక్కులో పెట్టుకుంటారు. పల్లీలు గొంతుకు అడ్డంపడితే ప్రాణం మీదికి వస్తుంది.

మా అంగన్‌వాడీలను నడిపే ఐసీడీఎస్ పథకం 1975 అక్టోబరు 2న మొదలైంది. చాలాకాలం మా రికార్డుల్లో మూడేళ్లలోపు పిల్లలంటే తిండి, తూకం, టీకాలే. 2024లో కేంద్ర ప్రభుత్వం నవచేతన పేరుతో పుట్టినప్పటి నుంచి మూడేళ్ల దాకా ఏ నెలలో ఏం ఆడించాలో 140 ఆటలతో పుస్తకం తెచ్చింది. అది చూసి ఒక తోటి టీచర్ నవ్వింది: "మా అత్త రోజూ చేసేది ఇదే గద!" నిజమే. దోబూచులాట, గిన్నె మీద గరిటెతో మోత, చందమామను చూపిస్తూ ముద్ద పెట్టడం. కాకపోతే ఆ అత్తల చేతుల్లో ఇప్పుడు ఫోన్ ఉంది. వీడియో పెడితే ముద్ద దిగుతుందంటారు. దిగుతుంది, కానీ తిన్నదేమిటో పిల్లకు తెలియదు, మధ్యలో ఒక్క మాటా నడవదు. రెండేళ్లలోపు పిల్లలకు తెర అసలు వద్దని, ఆ తర్వాత కూడా రోజుకు గంట మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది. వంట, పొయ్యి, పసిపిల్ల అన్నీ ఒక్కతే చూసుకునే ఇంట్లో ఈ మాట చెప్పడానికి నాకూ నోరు రాదు. అయినా చెబుతాను. కనీసం తినేటప్పుడు తీసేయమంటాను.

నేను పట్టుబట్టే విషయం మరొకటి ఉంది. "మగపిల్లలకు మాటలు లేటుగ వస్తయి, వాళ్ల నాయనకూ అంతే" అని ఊరుకుంటారు. రెండేళ్లు నిండినా రెండు మాటలు కలపకపోయినా, పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడకపోయినా ఆగకూడదు. పిల్లల ఆరోగ్య పరీక్షలు చేసే ఆర్‌బీఎస్‌కే పథకం డాక్టర్ల బృందం ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీకి వస్తుంది. అవసరమైతే వాళ్లే పై ఆసుపత్రికి రాసిస్తారు. ఆ రోజు పిల్లను తప్పకుండా తీసుకురండి. వెంట తల్లిదండ్రులే రానక్కర్లేదు, పగలంతా పిల్లతో ఉండేవాళ్లు వస్తే ఇంకా మంచిది. మీ దగ్గరున్న తల్లీబిడ్డల రక్షణ కార్డులో ఏ వయసుకు ఏం చేయాలో బొమ్మలతో సహా ఉంటుంది. టీకాల పేజీ చూసి బీరువాలో పెట్టేయకుండా, ఆ పేజీలు కూడా ఒకసారి తిరగేయండి.